సంఘంలో గౌరవం, ఆప్యాయత: ఎవరితో మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఉద్యోగం వల్ల పల్లె వదిలి విజయవాడ వచ్చారు, ఇక్కడ ఒక క్రైస్తవ సంఘంలో చేరారు, ఈ మధ్యే పెద్దలు మిమ్మల్ని సభ్యుల మధ్య సంబంధాలు చూసే సహవాస కమిటీలో వేశారు. ఆదివారం అందరూ "ప్రైజ్ ది లార్డ్ బ్రదర్" అనుకుంటారు, చేతులు కలుపుతారు, గేటు దాటాక ఎవరి దారి వాళ్లది. విశ్వాసులు ఒకరికొకరు నిజమైన గౌరవం, ఆప్యాయత చూపించుకోవాలంటే కమిటీ ఎక్కడ మొదలుపెట్టాలి? వయసులో పెద్దవాళ్లను కూడా బ్రదర్, సిస్టర్ అని పిలవొచ్చా?

నేను పాస్టరుగారి భార్యను. మావారి సేవ వల్ల కృష్ణా, గోదావరి జిల్లాల్లో పల్లె సంఘాలూ చూశాను, పట్టణ సంఘాలూ చూశాను. స్త్రీల సమాజం, ఇళ్ల దర్శనం, సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకు వంట, ఆసుపత్రికి క్యారేజీ పంపడం, ఇవన్నీ ఏళ్ల తరబడి చేసిన పనులే. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

సూటిగా జవాబు: ఊళ్లో ఎవరికి అందరికన్నా తక్కువ మర్యాద దొరుకుతుందో, సంఘంలో మర్యాద వాళ్లతో మొదలుపెట్టండి. మందిరం ఊడ్చే ఆవిడ, గుమ్మం దగ్గరే కూర్చుని ఆశీర్వాదం అవగానే వెళ్లిపోయే కూలి కుటుంబం, భర్త పోయినామె, మాట సరిగా రాని పిల్లాడి తల్లి, ఇంట్లో ఎవరికీ ఇష్టం లేకపోయినా ఒంటరిగా వచ్చే కోడలు. కమిటీ మొదటి కొన్ని నెలలు వీళ్ల మీదే దృష్టి పెట్టండి. డాక్టరుగారికీ ఇంజినీరుగారికీ మర్యాద ఎవరూ చెప్పకుండానే జరుగుతుంది, దానికి కమిటీ అక్కర్లేదు. రెండో ప్రశ్నకు జవాబు: పెద్దవాళ్లను వట్టి "బ్రదర్" అనకండి. వరుస పెట్టి పిలవండి, లేదా "గారు" చేర్చండి.

ఎందుకు అలా అంటున్నానో చెబుతాను. "ఘనతవిషయములో ఒకని నొకడు గొప్పగా ఎంచుకొనుడి" అన్న బైబిలు వచనం, రోమా 12:10, మనలో చాలామందికి కంఠస్థమే. ఆ మాట రాసిన పౌలు దాన్ని తానే ఎలా చేశాడో అదే పత్రిక 16వ అధ్యాయంలో ఉంది. పేర్ల పట్టీ అనుకుని మనం దాన్ని దాటేస్తాం. ఒకసారి నిదానంగా చదవండి. అప్పటికి పౌలు రోమాకు వెళ్లనేలేదు. అయినా అక్కడున్న 20 మందికి పైగా మనుషులను పేరు పెట్టి పలకరించాడు. మొదట కెంక్రేయ సంఘంలో పరిచర్య చేసే ఫీబే అనే సహోదరిని చేర్చుకొమ్మని కోరాడు. త్రుపైనా, త్రుఫోసా, పెర్సిసు అనే స్త్రీలు ప్రభువు కోసం పడిన కష్టాన్ని గుర్తుచేశాడు. రూఫు తల్లికి వందనాలు చెబుతూ ఆమె తనకూ తల్లేనన్నాడు. ఆ పేర్లలో కొన్ని ఆ కాలంలో బానిసలకు పెట్టేవని పండితులు చెబుతారు. రోమా నగరంలో ఎవరూ లెక్కచేయని మనుషుల పేర్లు సంఘమంతా వినేలా చదివించాడన్నమాట.

కాబట్టి మీ కమిటీ మొదటి పని పేర్లు. సభ్యుల పుస్తకం తీసుకుని కూర్చోండి. ముఖం తెలిసీ పేరు తెలియనివాళ్లు ఎందరున్నారో మీకే తెలుస్తుంది. "ఆ మూల కూర్చునే తాతగారు", "పూలమ్మే ఆవిడ" అని చెప్పుకుంటున్నవాళ్ల పేర్లు ముందు నేర్చుకోండి. ప్రార్థనలో పేరు పెట్టి ప్రార్థించండి. మా సంఘం ఒకదానిలో మందిరం శుభ్రం చేసే పెద్దావిడను పిల్లలు కూడా ఏకవచనంతో పిలిచేవాళ్లు. మావారు ఎవరికీ ఉపదేశం చెప్పలేదు. నెలవారీ పరిచర్య పట్టీలో వాక్యపఠనం, కానుకలు, పాటలు చూసేవాళ్ల పేర్ల వరుసలోనే "మందిర పరిచర్య" అని రాసి ఆమె పేరు పక్కన "గారు" పెట్టి ప్రతి నెలా చదివారు. కొంతకాలానికి సండేస్కూలు పిల్లలు ఆమెను "అమ్మమ్మగారూ" అనడం మొదలుపెట్టారు. ఆమె పోయినప్పుడు సమాధుల తోటకు పెట్టెను మోసినవాళ్లలో ఆ పిల్లల తండ్రులున్నారు.

పిలుపు సంగతి ఇక్కడే పూర్తి చేస్తాను. బ్రదర్, సిస్టర్ అనడం మంచి అలవాటే, మనమంతా ఒక తండ్రి పిల్లలమని ఒప్పుకునే పిలుపు అది. కానీ మన తెలుగు ఇళ్లలో డెబ్బై ఏళ్ల మనిషిని పాతికేళ్ల అబ్బాయి "ఏం బ్రదర్" అంటే ఆయన నొచ్చుకుంటాడు. తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయం మొదటి రెండు వచనాలు చూడండి: వృద్ధులను తండ్రులుగా, యువకులను అన్నదమ్ములుగా, వృద్ధ స్త్రీలను తల్లులుగా, యువతులను అక్కచెల్లెళ్లుగా పూర్ణ పవిత్రతతో చూడమని ఉంది. అంటే వరుసలు వాక్యంలోనే ఉన్నాయి. తాతగారూ, పెద్దమ్మా, బాబాయిగారూ, అక్కా, తమ్ముడూ అని పిలవండి. పట్టణంలో అంకుల్, ఆంటీ అలవాటైతే అదీ తప్పు కాదు. ఏ పిలుపు పిలిచినా అందరికీ ఒకే కొలత ఉందా లేదా అని చూసుకోండి. ఒకే వయసున్న ఇద్దరు ఆడవాళ్లలో రిటైరైన హెడ్మిస్ట్రెస్ "మేడమ్‌గారు", పొలం పనికి వెళ్లే ఆవిడ "ఏమ్మాయ్" అయితే, ఆ సంఘంలో సహోదరి అన్న మాటకు అర్థం పోయినట్టే.

పేరు అడిగేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. స్వాగతం చెప్పేవాళ్లు కొత్తవాళ్లను ఇంటిపేరు అడగొద్దు. "మీరెవరి తాలూకు?", "ఊళ్లో ఏ వైపు ఉంటారు?" అన్న ప్రశ్నలు మన దగ్గర కులం తెలుసుకోవడానికి వాడతారని అందరికీ తెలుసు. అడిగినవాళ్లకు ఆ ఉద్దేశం లేకపోయినా విన్నవాళ్లకు గుండెలో కలుక్కుమంటుంది. అలాగే కొందరికి సర్టిఫికెట్‌లో ఒక పేరు, సంఘంలో ఒక పేరు ఉంటాయి. కొందరు సంఘానికి వస్తున్నామని ఇంట్లో ఇంకా చెప్పలేదు. అలాంటివాళ్ల ఫొటో, బాప్తిస్మం వార్త, పాతపేరు వాట్సాప్ గ్రూపుల్లోకి ఎక్కించకండి. వాళ్లను అడక్కుండా ఒక్క ఫొటో కూడా బయటికి పోకూడదు.

కులం మాట వచ్చింది కాబట్టి దాటేయకుండా చెప్పాలి. తెలుగు సంఘాల్లో ఆప్యాయతకు అడ్డం పడేవాటిలో ఇదే పెద్దది. మాలవాళ్ల చర్చి, మాదిగవాళ్ల చర్చి అని ఒకే ఊళ్లో రెండు ఉండటం, పెళ్లిసంబంధాల దగ్గర "విశ్వాసులే కావాలి" అన్నాక మళ్లీ కులం అడగడం మనం రోజూ చూస్తున్నాం. ఇది కొత్త పరీక్షేమీ కాదు. ఒంగోలులో 1866లో పని మొదలుపెట్టిన బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌగారికి తొలి రోజుల్లోనే ఇది ఎదురైంది. మాదిగలను చేర్చుకుంటే మేం రామని పెద్ద కులాలవాళ్లు చెప్పారు. క్లౌగారు మాదిగలను వద్దనలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వచ్చిన పేదవాళ్లను వద్దనకపోవడం ఆ సంఘానికి పునాది అయింది. ఈ రోజు మనం కూర్చునే బల్లలు ఆ పునాది మీదవే.

మరి మీరు చేయగలిగింది? కులం పేరుతో దూరం పెట్టినవాళ్ల ఇంటికి వెళ్లండి, పెట్టింది తినండి, ఇచ్చిన నీళ్లు తాగండి. దీనికి మించిన సాక్ష్యం నేను చూడలేదు. కొందరు పెద్దలు పేద ఇంట్లో ప్రార్థన చేసి "ఇప్పుడే తాగొచ్చామమ్మా" అని టీ వద్దంటారు. ఆ ఇంటావిడకు అసలు కారణం వెంటనే అర్థమవుతుంది. షుగర్ ఉంటే మంచినీళ్లు అడిగి తాగండి. గ్లాసు చేత్తో పట్టుకుని తాగి, కాసేపు కూర్చుని, పిల్లల చదువు అడిగి రండి.

డోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్యగారి సంగతి మీరు విని ఉంటారు. తిరునెల్వేలి తమిళుడు, తెలుగు నేలమీద సేవకు వచ్చి 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. దానికి రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన ధైర్యంగా ఒక బాధ చెప్పారు. మిషనరీలు ఆస్తి ఇచ్చారు, ప్రాణాలిచ్చారు, కానీ తోటి భారతీయ సేవకులను సమానులుగా ఇంటికి పిలిచి భోజనం పెట్టే స్నేహం కరువైందన్నారు. మాకు ప్రేమ కావాలి, స్నేహితులనివ్వండి అని అడిగారు. ఆ మాట ఆ రోజు కొందరికి కోపం తెప్పించింది. నేనైతే ఆ మాటను మన కమిటీలన్నీ చదువుకోవాలంటాను. ఆయన తెల్లవాళ్లను అడిగినదే ఈ రోజు మన సంఘంలో వెనక వరుసలవాళ్లు ముందు వరుసలవాళ్లను అడుగుతున్నారు. డబ్బు సాయం అందుతోంది, క్రిస్మస్‌కు చీర అందుతోంది. భోజనానికి పిలుపు మాత్రం రాదు.

భోజనం దగ్గర ఇంకో మాట. ప్రేమవిందులో మా వరుస ఎప్పుడూ ఒకటే: పెద్దల కుటుంబాలు వడ్డిస్తాయి, ఆఖరి పంక్తిలో తింటాయి. మొదటి పంక్తి దూరం నుంచి నడిచొచ్చినవాళ్లకు, ముసలివాళ్లకు, పిల్లలకు. వీఐపీ బల్ల వేసి స్టీలు కంచాలు పెట్టి, మిగతావాళ్లకు పేపరు ప్లేట్లు పెడితే కొరింథు సంఘంలో పౌలు ఖండించిందే మనం చేస్తున్నట్టు. అక్కడ కలిగినవాళ్లు ముందే తినేస్తే లేనివాళ్లు ఆకలితో మిగిలిపోయేవారు. ఒకరికోసం ఒకరు కనిపెట్టుకుని ఉండమని ఆయన రాసింది ఆ సందర్భంలోనే. హైదరాబాద్‌లోని హెబ్రోను మందిరంలో సువార్తికుడు భక్తసింగ్‌గారి కాలంలో జరిగిన పరిశుద్ధ కూడికలకు వేలమంది వచ్చేవారు. చదువుకున్నవాళ్లు, కూలీలు పక్కపక్కన నేలమీద కూర్చుని ఒకే భోజనం చేసేవారని మా పెద్దవాళ్లు చెప్పుకునేవారు. కుర్చీల విషయమూ అంతే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కుర్చీ వేయండి, హోదా చూసి వేయకండి. యాకోబు 2వ అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మురికి బట్టల పేదవాడికి కాళ్ల దగ్గర చోటు చూపించినవాళ్ల గురించి ఉంది కదా, వచ్చినవాళ్లకు చోటు చూపించే మీ అషర్లందరితో కలిసి ఒకసారి అది చదవండి.

మీ సంఘం సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయితే మీ చేతిలో ఒక మంచి పద్ధతి ముందే ఉంది. 1947లో సి.ఎస్.ఐ. ఏర్పడ్డాక 1950లో వచ్చిన ప్రభువు బల్ల ఆరాధన క్రమంలో "సమాధానం" ఇచ్చుకోవడాన్ని సంఘమంతటికీ తెచ్చారు. కేరళ సిరియన్ క్రైస్తవుల ఆచారం దీనికి ఆధారం. ఇచ్చేవారు కుడి అరచేతిని ఎదుటివారి కుడి అరచేతికి ఆనిస్తారు, ఇద్దరూ ఎడమచేతిని ఎదుటివారి కుడిచేతి మీద మూస్తారు. ఆరాధన నడిపే గురువుగారి దగ్గర మొదలై వరుస తర్వాత వరుస చివరిదాకా సాగాలి. ఇప్పుడు చాలాచోట్ల నిలబడి అటూ ఇటూ నమస్కారం పెట్టి కూర్చుంటున్నారు. చివరి వరుస దాకా చేతినుంచి చేతికి వెళ్లేలా చూడండి. మన దగ్గర ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు కూర్చుంటారు కాబట్టి ఇబ్బంది కూడా ఉండదు. ఇది కానుకలకు ముందు జరుగుతుంది. నీ సహోదరుడికి నీ మీద విరోధం ఉందని జ్ఞాపకం వస్తే కానుక బలిపీఠం దగ్గర వదిలి వెళ్లి ముందు సమాధానపడు అని మత్తయి 5వ అధ్యాయంలో ప్రభువు చెప్పినదానికి సరిపోయే చోటు అది. మాట్లాడుకోని ఇద్దరు అన్నదమ్ములు ఆ సమయంలో పక్కపక్కన పడి చేతులు కలపడం, ఆరాధన అయ్యాక కలిసి నడిచి వెళ్లడం నేను చూశాను. ప్రతిసారీ అలా జరగదు. కొన్ని గొడవలకు, ముఖ్యంగా పొలం గట్టు, ఆస్తి పంపకం గొడవలకు, ఇద్దరు పెద్దలు ఇంటికి వెళ్లి ఓపిగ్గా కూర్చోవాల్సిందే.

కొత్తగా వచ్చే ఆడవాళ్ల గురించి. ఒకామె బొట్టు, పూలు, గాజులతో ఆరాధనకు వచ్చింది. కడుపులో పెద్ద బాధతో వచ్చింది. పక్కన కూర్చున్నావిడ అది తీసేసి రావాలమ్మా అంది. మరుసటి వారం ఆమె రాలేదు. నేను వాళ్లింటికి వెళ్లి, బొట్టు మాట ఎత్తకుండా, ఆమె చెప్పేది విని, ప్రార్థన చేసి వచ్చాను. మళ్లీ వచ్చింది, ఇప్పటికీ వస్తోంది. ఆచారాల విషయంలో సంఘాలు రకరకాలుగా ఉంటాయి, మీ సంఘం నేర్పేది ఏదైనా సరే, నేర్పడానికి సమయముంది. గుమ్మం దగ్గర ఆ మాట అనే అధికారం మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

కువైట్ వెళ్లిన తల్లుల ఇళ్లను మర్చిపోవద్దు. గోదావరి జిల్లాల్లో, కడప వైపు ఇలాంటి కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆమె అక్కడ శుక్రవారం సెలవు దొరికితే ఆరాధనకు వెళ్తుంది, ఇక్కడ పిల్లలు అమ్మమ్మతో వస్తారు. "అమ్మ ఫోన్ చేసిందా, ఆరోగ్యం ఎలా ఉంది?" అని పేరు పెట్టి అడగండి. డబ్బు పంపిందా అని అడగకండి.

ఇంకో రెండు హెచ్చరికలు చెప్పి తీరాలి.

ఒకటి, ప్రార్థన విన్నపం పేరుతో ఇంటి గుట్టు బయటపెట్టకండి. "ఫలానా వాళ్ల అమ్మాయి కోసం ప్రార్థించండి, భర్తతో పడటం లేదట" అని గ్రూపులో పెట్టడం ప్రార్థన కాదు, ఆ కుటుంబం పరువు తీయడం. నా దగ్గర చెప్పినవి చాలావరకు మావారికి కూడా చెప్పను, చెప్పాలనుకుంటే ముందు వాళ్లను అడుగుతాను. ఒక్కసారి నమ్మకం పోతే ఆ ఇంటి తలుపు మళ్లీ తెరుచుకోవడం చాలా కష్టం. దీనితోపాటే యువకులకు ఒక మాట చెప్పండి: రాత్రిపూట యువతులకు విడిగా "ప్రైజ్ ది లార్డ్ సిస్టర్" మెసేజీలు పెట్టొద్దు. పూర్ణ పవిత్రతతో అన్న మాట ఫోన్‌కు కూడా వర్తిస్తుంది.

రెండు, గౌరవమంటే తప్పు కప్పిపుచ్చడం కాదు. సేవలో కష్టపడేవాళ్లను మిక్కిలి ఘనంగా ఎంచమని థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో ఉంది. పాస్టరుగారి ఇంట్లో బియ్యం ఉన్నాయా, పిల్లల ఫీజు కట్టారా అని చూసుకోవడం ఆ గౌరవం. ఊరంతా ఫ్లెక్సీలు కట్టడం, గజమాలలు వేయడం అందులోకి రాదు. సంఘంలో ఎవరైనా, ఎంత పెద్ద హోదాలో ఉన్నా, పిల్లలనో ఆడవాళ్లనో వేధిస్తే "సంఘం పరువు" అని దాచకండి. పోలీసులకు చెప్పండి. పిల్లల విషయమైతే చైల్డ్‌లైన్ నంబరు 1098కు ఫోన్ చేయండి. బాధపడినవాళ్ల పక్కన నిలబడటమే అక్కడ మనం చూపించాల్సిన ఆప్యాయత.

బాబూ, ఇవన్నీ ఒకేసారి పెట్టుకుంటే మీ కమిటీకి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. పేర్లతో మొదలుపెట్టండి, తర్వాత వారానికి ఒకటో రెండో ఇళ్లు. వరుసగా మూడు ఆదివారాలు కనిపించనివాళ్ల ఇంటికి తప్పకుండా వెళ్లండి, "ఎందుకు రాలేదు?" అని నిలదీయకుండా "ఎలా ఉన్నారు?" అని అడగండి. సగంమంది జ్వరంతోనో, అప్పు బాధతోనో, ఎవరో అన్న మాటకు నొచ్చుకునో ఆగిపోయి ఉంటారు.

డిసెంబరులో క్యారల్స్ రూటు రాసే పని కూడా సహవాస కమిటీకే వస్తుంది. మామూలుగా కేకు, కాఫీ దొరికే మేడ ఇళ్లు ముందు వస్తాయి, రాత్రి పన్నెండు దాటాక గొంతులు బొంగురుపోయినప్పుడు కాలవ గట్టు మీది రేకుల ఇళ్లు వస్తాయి, ఒక్కోసారి అవి మర్నాటికి వాయిదా పడి ఆగిపోతాయి. ఈసారి కాలవ గట్టు ఇళ్లను ఏడు గంటలకే పెట్టండి. ప్రతి ఇంటి దగ్గరా పాట మొత్తం పాడండి, ఇంటివాళ్ల పేర్లు చెప్పి ప్రార్థించండి. మేడల్లో ఉండేవాళ్లకు ముందే చెప్పి ఉంచితే పదకొండింటికైనా మేలుకునే ఉంటారు, కాఫీ కూడా వేడిగానే ఇస్తారు.